కరెంటు లైన్ల మీద అప్రెంటిస్ పని – మన కుర్రవాళ్ళకు నాలుగు మాటలు

(సంఘ వార్షిక సభలో ఉర్దూ మీడియం ఉపాధ్యాయులొకరు చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ఏటా యీ సభలో చదువు గురించి మాట్లాడుకుంటాము. డాక్టరు కావాలి, ఇంజనీరు కావాలి అని పిల్లలకు చెప్పి చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోతాము. పదో తరగతితో ఆగిపోయే కుర్రవాడికి ఆ మాటల్లో దొరికేదేమీ వుండదు. అంచేత ఈసారి కార్యవర్గం వారు ఏదైనా ఒక్క పనిని తీసుకుని దాని లోతుపాతులతో చెప్పమన్నారు. మేము హై టెన్షన్ కరెంటు లైన్ల పనిని ఎంచుకున్నాము. ఈ పనిలోకి మన కుర్రవాళ్ళు ఎలాగూ వెళ్తున్నారు. వెళ్ళే దారి మాత్రం సరిగా లేదు.

మన ఇళ్ళల్లో పిల్లవాడు బడి మానేస్తే ఏం చేస్తాం? ఒక ఉస్తాద్ దగ్గర పెడతాము. మోటార్ వైండింగ్ షాపులోనో, వెల్డింగ్ షెడ్డులోనో షాగిర్ద్‌గా నాలుగేళ్ళు వుంటాడు. పని వస్తుంది, అందులో సందేహం లేదు. కాని ఆ పని వచ్చినట్టు చెప్పే కాగితం ముక్క ఒక్కటీ వుండదు. మన దేశంలో ముస్లిములు సొంత చేతిపనుల్లో ఎక్కువగాను, నెల జీతం వుండే ఉద్యోగాల్లో తక్కువగాను వున్నారని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. చేతిలో పని వుండీ కాగితం లేకపోవడం దానికి ఒక కారణమని మా అనుభవం.

షాగిర్ద్ అన్నా అప్రెంటిస్ అన్నా నేర్చుకునేవాడనే అర్థం. తేడా అల్లా అప్రెంటిస్ పేరు కాగితం మీద వుంటుంది. ఈ రోజు మేము చెప్పదలచుకున్నది రెండు కాగితాల సంగతి. ఒకటి కుర్రవాడి పేరు రాసిన కాగితం. రెండోది లైను ఆపినట్టు రాసిన కాగితం. ఈ రెండూ లేకుండా ఎవరూ స్తంభం మీద కాలు పెట్టకూడదు.

లైన్లంటే ఏవి?

మన ఇంటికి వచ్చేది 230 వోల్టులు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరుకు వచ్చేది 11,000 వోల్టులు, దాన్నే 11 కే.వి. అంటారు. సబ్‌స్టేషన్‌కు వచ్చేది 33 కే.వి. ఇక పొలాల మీదుగా పోయే ఇనుప టవర్ల మీద 132, 220, 400 కే.వి. లైన్లు వుంటాయి. పిల్లలకు ఒక సరదా సంగతి చెబుతాము. టవరు మీద వేలాడే గిన్నెల వంటి ఇన్సులేటర్లను లెక్కపెడితే లైను ఎంత పెద్దదో చెప్పవచ్చు. 132 కే.వి.కి తొమ్మిదీ పదీ వుంటాయి. 220కి పదమూడూ పద్నాలుగూ, 400కు ఇరవైకి పైగా వుంటాయి. తీగలకు కూడా జంతువుల పేర్లు పెట్టారు. 11 కే.వి. మీద వీసెల్, రాబిట్ అనే తీగలు, టవర్ల మీద పాంథర్, జీబ్రా, మూస్. నడుమ ఉక్కు, చుట్టూ అల్యూమినియం. ఉక్కు బరువు మోస్తుంది, అల్యూమినియం కరెంటు మోస్తుంది.

పిట్ట తీగమీద కూర్చుంటే ఏమీ కాదు గదా, మనిషికి ఎందుకు ప్రమాదమని పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు. పిట్ట రెండు కాళ్ళూ ఒకే తీగమీద వుంటాయి. భూమితో దానికి సంబంధం లేదు. స్తంభం ఎక్కిన మనిషి అలా కాదు. స్తంభం ద్వారా అతను భూమిని తాకుతూనే వున్నాడు. సిమెంటు స్తంభంలోనూ ఉక్కు తీగలుంటాయి, వానకు తడిస్తే మరీ ప్రమాదం. పైగా హై టెన్షన్ తీగను ముట్టుకోనక్కరలేదు, మరీ దగ్గరికి పోతే చాలు, గాలిలోంచే దూకుతుంది.

ఒక సంవత్సరంలో నేర్చేది

ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ అనే రెండు ట్రేడులున్నాయి. రెండూ రెండేళ్ళ చదువు. అది పాసయ్యాక సాధారణంగా ఒక సంవత్సరం అప్రెంటిస్ శిక్షణ వుంటుంది. లైన్ల పనిలో ఆ సంవత్సరం ఎలా గడుస్తుందో తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

మొదటి నెలల్లో కుర్రవాడు నేలమీదే వుంటాడు, వుండాలి కూడా. తాడు చుట్టడం, ముడులు వేయడం, పైన వున్న లైన్‌మన్ అడిగిన సామాను తాడుకు కట్టి పంపడం అతని పని. చిన్న పనిలాగా కనిపిస్తుంది. స్పానరు పైకి విసిరితే తిరిగి అది ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు గనుక తాడుతోనే పంపాలన్నది మొదటి పాఠం. తర్వాత గుంట తవ్వడం, స్తంభం నిలబెట్టడం. 9.1 మీటర్ల స్తంభంలో సుమారు ఒకటిన్నర మీటరు భూమిలో వుండాలి. గుంట లోతు తగ్గించి మట్టి కప్పేస్తే ఆ రోజుకు ఎవరికీ తెలియదు, మొదటి గాలివానకు అందరికీ తెలుస్తుంది.

ఆ తర్వాత నిచ్చెన, బెల్టు, ఎక్కడం. క్రాస్ ఆర్మ్ బిగించడం, పిన్ ఇన్సులేటరు మీద తీగ కట్టడం, స్టే వైరు లాగడం. తీగ లాగడంలో ఒక లెక్క వుంది. ఎండకు తీగ సాగి కిందికి దిగుతుంది, చలికి ముడుచుకుని బిగుస్తుంది. వేసవిలో నిటారుగా లాగి కట్టిన తీగ చలికాలంలో స్తంభాన్నే వంచవచ్చు. చలికాలంలో వదులుగా కట్టింది ఎండాకాలంలో గడ్డి లారీకి తగలవచ్చు. అందుకే ఏ వేడికి ఎంత దింపాలో పట్టిక వుంటుంది. లెక్కలతో మాకేం పనని తరగతిలో అడిగే మన పిల్లలు యీ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక వంటి మీద ఏముండాలి, ఏముండకూడదు? హెల్మెట్, రబ్బరు గ్లవ్స్, నడుముకు బెల్టు వుండాలి. చేతికి వెండి ఉంగరం, మెడలో గొలుసు వుండకూడదు. తావీజు మీద మాకూ గౌరవమే, కాని లోహపు గొలుసు లైను పనిలో మెడలో వుండరాదు, ఇంట్లో పెట్టి రావాలి. వదులు చొక్కాలు వేసుకోకూడదు. రంజాన్‌లో రోజా వుండి మిట్ట మధ్యాహ్నం స్తంభం ఎక్కితే కళ్ళు తిరగవచ్చు. ఆ రోజుల్లో గ్యాంగు పెద్దకు ముందే చెప్పి కింద పని అడగడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

బెల్టు కడితే ధైర్యం లేనివాడంటారని కొందరు కుర్రవాళ్ళ భయం. అల్లా మీద భారం వేశామండీ అంటారు మరికొందరు. ముందు ఒంటెను కట్టి, ఆపైన తవక్కుల్ చేయాలన్న హదీసు మనందరం చిన్నప్పుడే విన్నాము. స్తంభం మీద బెల్టు కట్టడమే ఒంటెను కట్టడం.

లైన్ క్లియర్ అనే కాగితం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. లైను మీద పని చేయాలంటే దాన్ని ఆపాలి. ఆపానన్న నోటిమాట చాలదు. అధికారం వున్న మనిషి సబ్‌స్టేషన్ ఆపరేటరును ఫలానా ఫీడరు ఫలానా పనికి కావాలని అడుగుతాడు. ఆపరేటరు బ్రేకరు ఆపి, ఐసొలేటరు తెరిచి, మనుషులు పనిచేస్తున్నారన్న బోర్డు తగిలించి, పుస్తకంలో టైముతో సహా రాసి ఇస్తాడు. దీన్నే లైన్ క్లియర్, వాడుకలో ఎల్.సి. అంటారు. అది తీసుకునే అధికారం అప్రెంటిస్‌కు లేదు. కాని తీసుకున్నారా అని అడిగే హక్కు అతనికి వుంది. అడగడం అతని బాధ్యత కూడా.

ఎల్.సి. వచ్చిందని వెంటనే ఎక్కకూడదు. పని దగ్గర ఏ.బి. స్విచ్ తెరిచి, దాని మూడు బ్లేడ్లూ విడిపోయాయా లేదా అని కంటితో చూడాలి. ఒక్కొక్కసారి రెండు విడిపోయి మూడోది అతుక్కునే వుంటుంది. చూశాక తాళం వేయాలి. తర్వాత టెస్టరుతో పరీక్షించాలి. తర్వాత డిశ్చార్జి రాడ్డుతో లైనును భూమికి కలపాలి, అదీ పనిచేసే చోటుకు రెండు వైపులా. కలిపేటప్పుడు ముందు భూమి కొస బిగించి, ఆ తర్వాత తీగకు తగిలించాలి. తీసేటప్పుడు ముందు తీగ కొస, ఆఖరున భూమి కొస. ఈ వరస తప్పితే రాడ్డు పట్టుకున్న మనిషే తీగకూ భూమికీ మధ్య దారి అవుతాడు.

ఆపిన లైనుకు మళ్ళీ యింత తతంగమెందుకని అడుగుతారేమో. ఆపిన లైను కూడా బతకవచ్చు. పక్కనే మరో పెద్ద లైను పోతుంటే దాని ప్రభావంతో ఇందులో వోల్టేజి పుడుతుంది. దూరాన ఎక్కడో పిడుగు పడితే ఇక్కడికి రావచ్చు. అన్నిటికన్నా మనకు సంబంధించినది ఇంకొకటుంది, షాదీఖానాలు నడిపే పెద్దలు శ్రద్ధగా వినాలి. ట్రాన్స్‌ఫార్మరు రెండు వైపులా పనిచేస్తుంది. 11,000 వోల్టులను 400కు దింపేది, కింది నుంచి 400 పంపిస్తే దాన్ని 11,000 చేసి పైకి పంపుతుంది. కరెంటు పోయిందని మనం జనరేటరు వేస్తాము. ఛేంజ్ ఓవర్ స్విచ్ సరిగా లేకపోతే ఆ కరెంటు మన నిఖా పందిట్లోంచి వీధి లైనులోకి పోయి, అక్కడినుంచి స్తంభం మీదున్న మనిషి దగ్గరకు పోతుంది. మన ఇంటి సంతోషం ఇంకొకరి ఇంటికి జనాజా తేకూడదు. ఆ స్విచ్‌ను తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి.

పని అయ్యాక ఎల్.సి. తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి. ఎక్కినవాళ్ళను లెక్కపెట్టాలి, దిగినవాళ్ళను లెక్కపెట్టాలి. ఫోన్‌లో "అయిపోయిందా భాయ్?", "ఆఁ, అయిపోయినట్టే" అన్న మాట మీద లైను వదలకూడదు. ఆ "నట్టే" అన్న మాటే ప్రాణాలు తీస్తుంది.

పేరు లేని మనిషి

మా బడిలో చదివిన ఒక కుర్రవాడున్నాడు. పేరు చెప్పము. చురుకైనవాడు, చెట్టు ఎక్కినట్టు స్తంభం ఎక్కేవాడు. ఒక చిన్న కాంట్రాక్టరు అతన్ని రోజు కూలికి లైన్ల పనికి తీసుకుపోయేవాడు. శిక్షణ లేదు, బెల్టు లేదు, ఏ రిజిస్టరులోనూ పేరు లేదు. ఒకరోజు ఎక్కించిన స్తంభం మీద రెండు ఫీడర్లున్నాయి. ఎల్.సి. తీసుకున్నది ఒకదానికే. రెండోదానిలో కరెంటు వుంది. ఆ సంగతి కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి మోచేతి వరకు తీసివేశారు.

తండ్రి వెళ్ళి అడిగితే, "వాడు మా మనిషి కాదు, ఊరికే చూడటానికి వచ్చాడు" అన్నారు. చట్టప్రకారం కూలివాడికి కూడా నష్టపరిహారం వుంది. అయితే అతను ఆ పనిలో వున్నాడని చూపడానికి ఏముంది? మస్టరులో పేరు లేదు, కూలి చేతికిచ్చేవారు గనుక బ్యాంకు లెక్క లేదు. సంఘం తరఫున చందాలు వేసి ఆస్పత్రి ఖర్చు కొంత భరించాము. ఇప్పుడతను అన్నగారి పాన్ షాపులో కూర్చుంటున్నాడు. మనం పోగుచేసిన చందా అతని చేతికి సరిపోతుందా? ఆ కుటుంబానికి కావలసింది చందా కాదు, హక్కు.

చట్టం ఏం చెబుతుంది?

1961లో పార్లమెంటు అప్రెంటిసెస్ చట్టం చేసింది. దాని ప్రకారం శిక్షణ మొదలు కాకముందే యజమానికీ అప్రెంటిస్‌కూ మధ్య ఒప్పందం రాసుకోవాలి. కుర్రవాడు మైనరైతే తండ్రిగాని సంరక్షకుడుగాని సంతకం చేయాలి. ఆ ఒప్పందం రిజిస్టరు కావాలి, ఇప్పుడది కేంద్ర ప్రభుత్వపు అప్రెంటిస్ పోర్టల్‌లో జరుగుతుంది. 2014 సవరణ ప్రకారం ప్రమాదకర పరిశ్రమల ట్రేడులకు 18 ఏళ్ళు నిండాలి. పదహారేళ్ళవాణ్ణి స్తంభం ఎక్కించేవాడు ఎవరైనా సరే, వాడికి మన పిల్లవాణ్ణి అప్పగించవద్దు.

శిక్షణలో పని చేస్తుండగా గాయపడితే నష్టపరిహారపు బాధ్యత యజమానిదేనని ఆ చట్టంలోనే వుంది. మా విద్యార్థికి లేనిది ఇదే.

2019లో మార్చిన నియమాల్లో నెలకు కనీస స్టైఫండు చదువును బట్టి 5,000 నుండి 9,000 రూపాయల దాకా పెట్టారు. 30 మంది, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థ రెండున్నర నుండి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలనీ వాటిలోనే వుంది. అంటే విద్యుత్ సంస్థలే కాదు, లైన్లు వేసే పెద్ద కాంట్రాక్టు కంపెనీలనూ అడగవచ్చు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి గనుక రెండో వైపూ చెబుతాము. స్టైఫండు జీతం కాదు. అప్రెంటిస్‌ను చట్టం ఉద్యోగిగా చూడదు, పి.ఎఫ్. వుండదు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. రోజు కూలితో పోలిస్తే చేతికి వచ్చేది తక్కువే అనిపిస్తుంది. ఇంట్లో గడవని తండ్రి ఆ సంవత్సరం ఎలా ఓర్చుకోవాలన్నది చిన్న ప్రశ్న కాదు. కాని ఆఖరున పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. గల్ఫుకు పోయే మన కుర్రవాళ్ళకు హెల్పరు వీసాకూ ఎలక్ట్రీషియన్ వీసాకూ ఎంత తేడా వుందో తెలుసు. ఆ తేడా తెచ్చేవి యిలాంటి సర్టిఫికెట్లే.

ఇక్కడి ఉద్యోగాల సంగతి చూస్తే, జూనియర్ లైన్‌మన్ పోస్టులు పడ్డప్పుడు ఐ.టి.ఐ. ఎలక్ట్రికల్ చదువు అడుగుతారు, స్తంభం ఎక్కే పరీక్ష పెడతారు. జూనియర్ లైన్‌మన్‌గా చేరినవారు అసిస్టెంట్ లైన్‌మన్, లైన్‌మన్, లైన్ ఇన్‌స్పెక్టర్ దాకా ఎదగవచ్చు. బి.సి.–ఇ కిందికి వచ్చే వర్గాల వారు ఆ సర్టిఫికెట్ ముందుగానే తీసి పెట్టుకోవాలి, ఆఖరి రోజున మండలాఫీసు చుట్టూ తిరగకూడదు.

ఆడపిల్లలు కూడా యీ సభలో వున్నారు. తెలంగాణలో 2019 నాటి నోటిఫికేషన్‌లో ఆడవాళ్ళకు అవకాశం ఇవ్వకపోతే కొందరు హైకోర్టుకు వెళ్ళారు. కోర్టు వారిని పరీక్షకు రానిమ్మన్నది. బబ్బూరి శిరీష అనే అమ్మాయి స్తంభం ఎక్కి చూపి 2021లో ఉద్యోగంలో చేరింది. మన అమ్మాయిలూ వినాలని చెబుతున్నాము.

భాష సంగతి

ఉర్దూ మీడియం పిల్లవాడు ఐ.టి.ఐ.కి వెళ్తే మొదటి నెల నోరు తెరవడు. మా తరగతిలో బర్ఖీ రౌ అని నేర్చుకున్నది అక్కడ కరెంటు అవుతుంది. మూసిల్ అన్నది కండక్టరు, మజాహమత్ అన్నది రెసిస్టెన్సు. విషయం తెలిసీ పేరు తెలియక వెనక బెంచీలో కూర్చుంటాడు. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలోనే మొదలై విజ్ఞానశాస్త్రాలు సైతం ఉర్దూలోనే బోధించింది. కాబట్టి లోపం భాషలో లేదు, వంతెన లేకపోవడంలో వుంది. పదో తరగతి చివర రెండు వారాలు ఒక రెండు వందల మాటలు మూడు భాషల్లో నేర్పితే చాలు. మా ఉపాధ్యాయ మిత్రులం అందుకు సిద్ధంగా వున్నాము. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం వారి ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ కూడా వున్నాయి, అక్కడ ఉర్దూలోనే చదువుకోవచ్చు.

ముగింపు

2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తుఫాను కొట్టింది. దాని పేరు హుద్‌హుద్. సులైమాన్ అలైహిస్సలాం వృత్తాంతంలోని పక్షి పేరే అది. వేల స్తంభాలు పడిపోయాయి, నగరమంతా చీకటైంది. ఇతర జిల్లాలనుంచీ రాష్ట్రాలనుంచీ వచ్చిన లైన్ల పనివాళ్ళు రాత్రింబగళ్ళు శ్రమించి వెలుగు తెచ్చారు. ఎవరి ఇంట్లో దీపం వెలిగిందో ఆ ఇంటివారు ఆ పనివాడి మతం అడగలేదు, కులం అడగలేదు. హజ్రత్ దావూద్ అలైహిస్సలాం చేతిపనితో బతికినవారు. చేతిపని తక్కువ పని అనుకునే అలవాటు మన దీన్‌లో లేదు.

ఆఖరుగా మూడు మనవులు. తల్లిదండ్రులకు: పిల్లవాణ్ణి లైన్ల పనికి పంపేముందు ఒప్పందపు కాపీ చేతికి తీసుకోండి, చదవడం రాకపోతే మా దగ్గరకు తీసుకురండి. కుర్రవాళ్ళకు: ఎల్.సి. ఏ ఫీడరుది, ఈ స్తంభం మీద ఎన్ని ఫీడర్లున్నాయి అని అడగనిదే ఎక్కవద్దు. అడిగినందుకు ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. సంఘం పెద్దలకు: ప్రతి ఆదివారం జొహర్ నమాజు తర్వాత రెండు గంటలు ఆఫీసు తెరిచి, ఒక కంప్యూటరు పెట్టి, అప్రెంటిస్ దరఖాస్తులు నింపిపెట్టే ఏర్పాటు చేయండి. ఇప్పటికే పేరు లేకుండా పనికి పోతున్న మన కుర్రవాళ్ళ జాబితా కూడా అక్కడే తయారు చేద్దాము. మొదటి ఆదివారం నుంచి మేము వచ్చి కూర్చుంటాము.

స్తంభాల మీద పనిచేసే ప్రతి బిడ్డనూ, ఏ ఇంటి బిడ్డ అయినా సరే, సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేర్చమని అల్లాహ్‌ను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాము. ఆమీన్.

జై హింద్. ఖుదా హాఫిజ్.